ఈ చమురు ఎవరిది? ఏనాటిది?

నూతిలో చేద వేసి పైకి లాగితే నీళ్లమీద ఇంద్రధనుస్సు రంగులు తేలుతున్నాయనుకోండి. చేద ముక్కు దగ్గర పెట్టుకుంటే కిరసనాయిలు వాసన. మరునాడూ అదే, ఆ మరునాడూ అదే. ఇంటి ఇల్లాలు ఆ నీళ్లతో అన్నం వండలేదు, పిల్లలకు పొయ్యలేదు, చివరికి గిన్నెలు తోమనూ లేదు. ఇంటి యజమాని నాలుగువైపులా చూస్తాడు. రోడ్డుమీద పెట్రోలు బంకు వుంది. వెనకవైపు చేలో ఆయిలింజను పెట్టిన పాక వుంది. కాలువగట్టుకు ఆవల భూమిలోనుంచి గొట్టం పోతున్నదని తెలియజేసే పసుపుపచ్చ రాయి పాతి వుంది. ఎవరిని అడిగినా ఒకటే మాట: "మాది కాదండీ." బంకు యజమాని ఇంకో మెట్టు పైకెక్కి, "నేను కొని మూడేళ్లే అయింది. కారితే గిరితే పాత ఆయన కాలంలో కారివుంటుంది, ఆయన్నే అడగండి" అంటాడు.

పాపం, ఆ యజమాని ఎవరిని అడగాలి?

ఇక్కడ తేలవలసినవి రెండు ప్రశ్నలు. ఈ చమురు ఎవరిది? ఇది నేలలోకి దిగి ఎన్నాళ్లయింది? మొదటిది తేలకపోతే దోషి దొరకడు. రెండవది తేలకపోతే, దొరికిన దోషి కూడా తప్పించుకుంటాడు. ఎందుకంటారా? మన దేశంలో 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం ప్రకారం, కాలుష్యంవల్ల నష్టపోయినవారు పరిహారం కోరాలంటే ఆ కారణం మొదట పుట్టిన నాటినుంచి అయిదేళ్లలోగా దరఖాస్తు పెట్టుకోవాలి. తగిన కారణం చూపిస్తే మరో అరవై రోజులు గడువు ఇవ్వవచ్చు. అంతే. కాబట్టి "ఎప్పుడు కారింది?" అన్నది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. దానిమీద ఒక కుటుంబం మంచినీళ్లు, ఒక రైతు చేను ఆధారపడి వుంటాయి.

విశేషమేమిటంటే, సాక్షులందరూ "మాకు తెలియదు" అన్నా, ఆ కారిన చమురు మాత్రం అబద్ధమాడదు. దాన్ని అడగవలసిన పద్ధతిలో అడిగితే తన ఊరూ పేరూ, చాలాసార్లు వయస్సూ చెప్పుకుంటుంది. ఆ అడిగే విద్య గురించే ఈ నాలుగు మాటలూ.

మన నేల కింద

గోదావరి డెల్టాకు అన్నపూర్ణ అని పేరు. సార్వా, దాళ్వా, కొబ్బరి, అరటి – ఇవీ మనకు తెలిసిన సంపదలు. కాని ఇరవయ్యో శతాబ్దం చివర ఈ నేలకు మరో సంపద వున్నదని లోకానికి తెలిసింది. 1978లో చమురు, సహజవాయు సంస్థవారు నరసాపురం దగ్గర బావి తవ్వారు. తరువాత రాజోలు, తాటిపాక, పాశర్లపూడి పేర్లు పత్రికలకెక్కాయి. కృష్ణా గోదావరి బేసిన్ అనే మాట రైతులకు సైతం నోటికి వచ్చింది. 2001లో తాటిపాకలో ఏడాదికి 66 వేల టన్నుల ముడిచమురు శుద్ధిచేసే చిన్న రిఫైనరీ వెలిసింది. కొబ్బరితోటల నడుమ, వరిచేల కింద, కాలువల అడుగున గొట్టాలు పోయాయి.

సంపద ఊరికే రాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో 19వ నెంబరు బావి ఎగదన్నింది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. కోనసీమలో ఆనాటి పెద్దవాళ్లకు ఆ హోరు ఇప్పటికీ చెవుల్లో వుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో, తాటిపాకనుంచి కొండపల్లికి వాయువును తీసుకుపోయే 18 అంగుళాల గొట్టం పగిలింది. ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్లు, కొబ్బరిచెట్లు, పశువులు ఒక్క పెట్టున కాలిపోయాయి. పొడి వాయువు పోవలసిన గొట్టంలో నీరూ, 'కండెన్‌సేట్' అనే పలుచని చమురూ కలిసిన తడి వాయువును పంపడంవల్ల గొట్టం లోలోపల తుప్పుపట్టిందని విచారణలో తేలింది. లీకుల సంగతి తాము ముందే చెప్పుకున్నామని గ్రామస్థులు అప్పుడు పత్రికలవారితో మొరపెట్టుకున్నారు.

ఈ రెండో సంగతి మరిచిపోకూడదు. పెద్ద ప్రమాదం చెప్పకుండా రావచ్చు గాని, దానికి ముందు చిన్న లీకు చాలాసార్లు చెప్పే వస్తుంది. నేలలో ఇంత తడి, గాలిలో ఇంత వాసన, నూతిలో ఇంత నూనెతెర. ఆ తడి ఏమిటో, ఎక్కడినుంచి వచ్చిందో వెంటనే గుర్తుపట్టగలిగితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో!

పెద్ద సంస్థల సంగతి అటుంచండి. ఊరూరా బంకుల అడుగున ఇనుప ట్యాంకులున్నాయి. చేలల్లో ఇంజన్లు, చేపల చెరువుల గట్లమీద జనరేటర్లు, వాటి పక్కన డీజిలు పీపాలు. ట్యాంకుకో గొట్టానికో సూదిబెజ్జమంత చిల్లుపడి క్షణానికొక్క బొట్టు చొప్పున కారిందనుకోండి. లెక్క వేస్తే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. ఏడాది తిరిగేసరికి పదిహేనువందల లీటర్లు! బంకులో రోజూ డిప్ రాడ్ ముంచి కొలిచేవాడికి కూడా రోజుకు నాలుగు లీటర్ల తేడా కంటికి ఆనదు.

హాని మాటకొస్తే, పెట్రోలులో బెంజీను అనే పదార్థం వుంటుంది. అది రక్తానికి సంబంధించిన కేన్సరుకు కారణమవుతుందని రుజువైంది. తాగే నీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించరాదని మన ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ఇప్పటి పెట్రోలులో నూటికి ఒక పాలు బెంజీను వుండవచ్చు. అంటే ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీను ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని తాగరానిదిగా చేయడానికి చాలు.

కాలువ కట్టినప్పుడు, వదిలినప్పుడు

నేలలోకి దిగిన చమురు ఎక్కడ పడింది అక్కడే కూర్చోదు. ఇసుకలో గబగబా దిగిపోతుంది, బంకమట్టిలో నెర్రెలు వెతుక్కుంటూ నెమ్మదిగా దిగుతుంది. నీటిమట్టం తగిలేసరికి ఆగిపోయి, తేలిక కనుక నీటిమీద తెరలా పరుచుకుని, భూగర్భజలం ఎటు నడిస్తే అటు దానితో నడుస్తుంది.

మన డెల్టాలో నీటిమట్టం చాలా పైన వుంటుంది. పైగా అది ఏడాదిపొడుగునా ఒక్కచోట నిలవదు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే కిందికి దిగుతుంది. ధవళేశ్వరంలో నీళ్లు వదిలి, వానలు పడితే పైకి లేస్తుంది. దానితోపాటే చమురుతెర కూడా దిగుతుంది, లేస్తుంది. దిగినప్పుడల్లా, లేచినప్పుడల్లా మధ్య మట్టికంతటికీ పూత పూసినట్టు అంటుకుంటుంది. అందుకే ఒక నూతిలో వైశాఖంలో వాసనవేసి ఆషాఢంలో పోవచ్చు, పక్క నూతిలో ఆషాఢంలోనే మొదలుకావచ్చు. "మా నూతిలో నిన్నగాక మొన్న కనపడింది కాబట్టి నిన్నగాక మొన్నే కారింది" అనుకోవడానికి వీలులేదు. కనపడిన తేదీ వేరు, కారిన తేదీ వేరు. ఈ తేడా తేల్చడానికే ప్రయోగశాల కావాలి.

ఆకులో పుట్టిన ఆనవాలు

పెట్రోలియం అంటే రాతినూనె అని అర్థం. పేరుకు రాతినూనె గాని, అది పుట్టింది ప్రాణులనుంచి. కోట్ల సంవత్సరాల కిందట నీటి అడుగున పేరుకున్న నాచు, సూక్ష్మజీవులు, ఆకులు, అలములు మట్టికింద కూరుకుపోయి, వేడికీ ఒత్తిడికీ మగ్గి చమురైనాయి. మగ్గినా, పుట్టుక ఆనవాళ్లు పూర్తిగా చెరిగిపోలేదు. 1930లలో ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ముడిచమురులో ఆకుపచ్చని పదార్థానికి, అంటే పత్రహరితానికి, వారసులైన అణువులను కనిపెట్టాడు. ఎన్నడో రాలిన ఆకు తన గుర్తును నూనెలో దాచిపెట్టుకున్నదన్నమాట.

ఆ గుర్తులను విడదీసి చూపించే యంత్రాన్ని 'గ్యాస్ క్రొమాటోగ్రాఫ్' అంటారు. దాని మూలపురుషుడు మిహాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు. 1903లో ఆయన ఆకురసాన్ని సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో పోస్తే పచ్చ, పసుపు రంగులు పట్టీలుగా విడిపోయాయి. ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క వేగంతో దిగడమే అందులోని కిటుకు. తరువాత 1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ అనే ఇద్దరు సుద్దపొడిలో రసాన్ని దించే బదులు, సన్నని గొట్టంలో ఆవిరిని నడిపించారు. ఇప్పుడు ఆ గొట్టం వెంట్రుకంత సన్నం, కొన్ని పదుల మీటర్ల పొడవు. ఒక్క చుక్క చమురును ఆవిరిచేసి అందులోకి పంపితే, తేలిక అణువులు ముందూ బరువు అణువులు వెనకా, తిరునాళ్లకు బయలుదేరిన జనంలా, వరసగా బయటికి వస్తాయి. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా కాగితంమీద ఒక శిఖరం గీస్తుంది. వందలకొద్దీ శిఖరాలున్న ఆ కాగితమే చమురు జాతకచక్రం.

ఎవరిది?

జాతకం చూడగానే మొదట తెలిసేది జాతి. కర్బన పరమాణువుల సంఖ్య నాలుగునుంచి పన్నెండు వరకు వున్న తేలిక అణువుల గుంపైతే అది పెట్రోలు. తొమ్మిదినుంచి పదహారు దాకా అయితే కిరసనాయిలు. పదినుంచి పాతిక వరకు సాగితే డీజిలు. ఇరవై దాటి గుట్టలా లేస్తే ఇంజనాయిలు. రేషను కిరసనాయిలుకు నీలిరంగు కలిపిన సంగతి గృహిణులకు తెలిసినదే. ఆ రంగు దొరికితే పని ఇంకా సులువు.

కోనసీమలో ఇంకో చిక్కుంది. గ్యాసు గొట్టాలలో వచ్చే కండెన్‌సేట్ అచ్చంగా పెట్రోలులా వుంటుంది, పెట్రోలులాగే వాసన వేస్తుంది. నేలలో దొరికిన తడి బంకుదా, గొట్టానిదా? ముక్కు చెప్పలేదు గాని, జాతకం చెబుతుంది. పెట్రోలు రిఫైనరీలో వండిన వంట. మంట నిలకడగా వుండడానికి అందులో కొమ్మలు తిరిగిన అణువులు, ఉంగరపు అణువులు ఎక్కువపాళ్లలో కూర్చుతారు, ఆపైన మందులు కలుపుతారు. కండెన్‌సేట్ భూమి వండిన వంట. అందులో తిన్నని గొలుసు అణువులు సహజమైన వరసలో, మెట్లు దిగినట్టు వుంటాయి. ఎంగిలిపడకుండానే ఇంటివంటా హోటలువంటా తేడా తెలిసినట్టు, ఈ రెండిటి తేడా తెలిసిపోతుంది.

మట్టిలో దొరికిందల్లా కారిన చమురే అనుకోవడం కూడా పొరపాటే. కొబ్బరిమట్ట, వరిగడ్డి, అరటాకు వీటన్నిటి పైనా మైనపుపూత వుంటుంది. అది కుళ్లి మట్టిలో కలిసినప్పుడు యంత్రంలో బరువైన చమురులా శిఖరాలు గీస్తుంది. తేడా ఎక్కడంటే, ఆకుమైనంలో 27, 29, 31 ఇలా బేసి సంఖ్యల అణువులే ఏపుగా వుంటాయి. చమురులో బేసీ సరీ అన్న పక్షపాతం అంతగా వుండదు. ఈ సంగతి తెలియనివాడు మన కొబ్బరితోట మట్టిని పరీక్షచేస్తే ఏ పాపమూ ఎరగని బంకువాడిని బోనెక్కించగలడు!

వాయువు సంగతీ అంతే. వరిచేలో కాలుపెడితే బుడగలు వస్తాయి. అది నీటికింద గడ్డీగాదం కుళ్లి పుట్టిన మీథేను. గొట్టంలో పోయేదీ మీథేనే. ఊళ్లో బోరింగులో బుడగలొస్తే గ్యాసు లీకయిందని గుండెలు గుభేలుమంటాయి, నగరం తరువాత అలా అనిపించడంలో వింత లేదు. దీనికి రెండు పరీక్షలున్నాయి. కుళ్లు వాయువులో మీథేను తప్ప మరొకటి దాదాపు వుండదు. భూగర్భవాయువులో ఈథేను, ప్రొపేను కూడా వెంట వస్తాయి. రెండోది కర్బనం–14. బతికిన ప్రతి ప్రాణిలోనూ ఈ రేడియోధార్మిక కర్బనం కాస్త వుంటుంది, చచ్చిన తరువాత తరిగిపోతుంది. నిన్నటి గడ్డినుంచి వచ్చిన వాయువులో అది వుంటుంది. కోట్ల ఏళ్లనాటి వాయువులో అది బొత్తిగా వుండదు.

ముడిచమురుకైతే ఇంకా లోతైన గుర్తులున్నాయి. 'హోపేనులు' అనే అణువులు పూర్వపు సూక్ష్మజీవుల గోడలనుంచి వచ్చాయి. 'ఓలియనేను' అనేది పూలుపూచే మొక్కలనుంచి వచ్చింది. ఒక్కొక్క క్షేత్రపు చమురులో వీటి పాళ్లు ఒక్కొక్క తీరు. సూక్ష్మజీవులు ఇతర అణువులను తినేసినా వీటిని అంత త్వరగా ముట్టవు. అందుకే ఎండావానలకు నలిగిన చమురులో కూడా ఇవి మిగిలి సాక్ష్యం చెబుతాయి.

ఈ సాక్ష్యం ఎంతవరకు పోతుందో చెప్పడానికి అలాస్కా కథ ఒక్కటి చాలు. 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ రాతికి తగిలి సుమారు నాలుగు కోట్ల లీటర్ల ముడిచమురు సముద్రం పాలైంది. తీరంలో దొరికిన తారుముద్దలన్నీ ఆ ఓడవేననుకున్నారు. అమెరికా భూగర్భ పరిశోధకులు పరీక్షించి చూస్తే కొన్ని ముద్దల జాతకం కలవలేదు. అవి అలాస్కా చమురే కాదు, ఎక్కడో దూరాన వున్న కాలిఫోర్నియా చమురు! ఆరాతీస్తే, 1964లో వచ్చిన మహాభూకంపంలో అక్కడి ట్యాంకులు పగిలి, కాలిఫోర్నియానుంచి తెచ్చి నిలవచేసిన సరుకు సముద్రంలో కలిసిందని తేలింది. పాతికేళ్ల కిందటి నేరం కొత్త నేరం మాటున దాక్కోబోయి దొరికిపోయింది.

ఏనాటిది?

వయస్సు తేల్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది శాసన పరిశోధకుల దారి. తేదీ లేని శాసనం దొరికితే వారేం చేస్తారు? అక్షరాలు చూస్తారు. ప్రాచీన తెలుగు శాసనాలలో 'ఴ' అనే అక్షరం ఒకటి వుండేది. నన్నయ్యగారి నాటికే అది మాయమైంది. అది కనిపిస్తే శాసనం అంతకు ముందుదని ఊహిస్తారు. ఇంధనాలలోనూ ఇలాంటి 'అక్షరాలు' కొన్ని మాయమైనాయి, కొన్ని కొత్తగా వచ్చాయి.

పూర్వం పెట్రోలులో సీసం కలిపేవారు. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశమంతటా సీసపు పెట్రోలు ఆగిపోయింది. కాబట్టి మట్టిలోని పెట్రోలులో ఆ సీసపు సమ్మేళనం కనిపిస్తే కనీసం కొంత భాగమైనా అంతకుముందు కారినదే. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో పెట్రోలులో నూటికి అయిదు పాళ్లు ఇథనాలు కలపడం మొదలైంది. 2022 నాటికి దేశంలో అది పదిపాళ్లకు చేరింది, తరువాత ఇరవైకి పెరిగింది. ఇథనాలు దొరికితే చమురు కొత్తదే. ఐతే దొరకకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు, ఎందుకంటే మట్టిలోని సూక్ష్మజీవులకు సారాయి మహాప్రీతి. వాటికి దొరికితే ముందుగా దాన్నే ఖాళీచేస్తాయి.

డీజిలులో గంధకం ఇంకో గుర్తు. దేశమంతటా 2010లో వచ్చిన బి.ఎస్. మూడో ప్రమాణంలో పదిలక్షలకు 350 పాళ్ల గంధకం వుండవచ్చు. 2017 ఏప్రిల్ 1 నుంచి 50 పాళ్లే. 2020 ఏప్రిల్ 1 నుంచి పదే. గంధకం కలిసిన బరువు అణువులు తొందరగా పోవు. నేలలోని డీజిలులో అవి దండిగా వుంటే, "నేను 2021లో బంకు కొన్నాను, నా హయాంలోనే ఇదంతా కారింది నిజమే గాని…" అని ఎవరూ అననక్కరలేదు, ఆయన నిర్దోషి అని డీజిలే చెబుతుంది. గంధకం దాదాపు లేకపోతే మాత్రం పాత యజమానిని తిట్టి లాభం లేదు.

రెండో దారి వైద్యుడిది, ముడతలు చూసి వయస్సు చెప్పడం. నేలలో పడ్డ చమురును మూడు శక్తులు నలుపుతాయి: ఆవిరి కావడం, నీటిలో కరగడం, సూక్ష్మజీవులు తినడం. పెట్రోలులోని బెంజీను లీటరు నీటికి 1.8 గ్రాములు కరుగుతుంది, టాలీను అరగ్రాము, గ్జైలీను అంతకన్నా తక్కువ. ముందు కరిగేవి ముందు పోతాయి. ఏవి ఎంత మిగిలాయో చూసి, ఇది కొత్తదా పాతదా అని ఒక అంచనా వేస్తారు.

డీజిలుకు ఇంతకంటె చక్కని గడియారం వుంది. డీజిలులో పదిహేడు కర్బనాల తిన్నని గొలుసు అణువొకటి వుంటుంది. యంత్రంలో దాని వెంటనే, అన్నదమ్ముల్లా ఆనుకుని, 'ప్రిస్టేను' అనే కొమ్మల అణువు బయటికి వస్తుంది. ఈ ప్రిస్టేను మొదట సొరచేప కాలేయపు నూనెలో దొరికింది, ఆ పేరు లాటిన్‌లో సొరచేపకున్న పేరునుంచే వచ్చింది. చమురులో వున్నదానికి మూలం చాలావరకు మళ్లీ పత్రహరితమే. ఈ ఇద్దరన్నదమ్ములూ దాదాపు ఒకే వేడికి ఆవిరవుతారు, నీటిలో ఇద్దరూ ఒకేలా కరగరు. ఎండకూ నీటికీ వీరిమధ్య తేడా లేదు. తేడా పెట్టేది సూక్ష్మజీవులొక్కటే. వాటికి తిన్నని గొలుసు నమలడం సులువు, కొమ్మలున్నది కష్టం. కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ పెద్దవాడు తరిగిపోతాడు, కొమ్మలవాడు నిలుస్తాడు. ఇద్దరి నిష్పత్తే గడియారం.

1993లో డెన్మార్కులో క్రిస్టెన్‌సెన్, లార్సెన్ అనే పరిశోధకులు, కారిన తేదీ తెలిసిన చోట్లనుంచి మట్టి తీసి ఈ నిష్పత్తిని కొలిచారు. అది ఏడాదికేడాదికీ దాదాపు ఒకే తీరున తగ్గుతూ, ఇరవై ఏళ్లకు సున్నకు చేరుతున్నదని చూపారు. వారి లెక్కప్రకారం నిష్పత్తి 2 వుంటే మూడేళ్లు, 1 వుంటే పదకొండేళ్లు. అటూ ఇటూ రెండేళ్లు తేడా వుండవచ్చునన్నారు. చాలా దేశాల న్యాయస్థానాలలో వకీళ్ల చేతికి ఈ లెక్క ఆయుధమైంది.

డెన్మార్కు గడియారం, గోదావరి కాలం

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. డెన్మార్కు చలిదేశం. అక్కడ ఏడాది సగటు వేడి ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు. మనకు ఇరవై ఎనిమిది. పిండి పులవడానికి చలికాలం రెండురోజులు పడితే ఎండాకాలం ఒక పూట చాలునని ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. సూక్ష్మజీవుల పని వేడిలో అంత చురుకు. అక్కడ పదకొండేళ్లకు వచ్చే ముడతలు మన గాలి తగిలే ఇసుక నేలలో ఎంతో ముందే రావచ్చు. డెన్మార్కు లెక్కను తెచ్చి గుడ్డిగా ఇక్కడ వేస్తే, నాలుగేళ్ల కిందటి లీకు పదేళ్లనాటిదిగా కనబడుతుంది. అప్పుడేమవుతుంది? అయిదేళ్ల గడువు దాటిపోయిందని దోషి చేతులు దులుపుకుంటాడు. నూతిగలవాడు నోట్లో వేలు పెట్టుకుంటాడు.

దీనికి రెండో పక్కా వుంది. మన లోతట్టు బంకమట్టి ఏడాదిలో సగం నీళ్లలో నాని వుంటుంది. అక్కడ ఆమ్లజని అందదు. ఆమ్లజని లేకపోతే సూక్ష్మజీవులు కునికిపాట్లు పడతాయి. అలాంటి చోట ఏనాటి డీజిలో నిన్నటి దానిలా నవనవలాడుతూ వుండవచ్చు. పైగా ఒకే ట్యాంకు ఏళ్లతరబడి కారుతూ వుంటే పాతదీ కొత్తదీ కలిసిపోయి గడియారం నడిమధ్య వయస్సు చూపిస్తుంది. మొదట ఆ బంకులో పోసిన డీజిలులో అన్నదమ్ముల నిష్పత్తి ఎంతో తెలియకపోయినా లెక్క తప్పుతుంది, ఎందుకంటే అన్ని చమురులలోనూ అది ఒకటి కాదు.

అందుకని అనుభవజ్ఞులు ఒక్క గడియారాన్ని నమ్మరు. సీసం, గంధకం చెప్పే తేదీలు, అన్నదమ్ముల నిష్పత్తి, మట్టి తీరు, నీటిమట్టం, బంకులోని స్టాకు రిజిస్టరు, ట్యాంకు మార్చిన సంవత్సరం, ఇరుగుపొరుగు జ్ఞాపకాలు అన్నీ పక్కపక్కన పెట్టి, అన్నీ ఒకే వేలు ఒకేవైపు చూపిస్తేనే నోరు విప్పుతారు. "2015 మార్చిలో కారింది" అని నెలతో సహా చెప్పేవాడు దొరికితే వాడు శాస్త్రజ్ఞుడు కాడు, సోదెగాడు. "2017కు ముందే కారింది, తరువాత కాదు" అని చెప్పగలిగితే అది గట్టి సాక్ష్యం. కోర్టుకు కావలసింది కూడా చాలాసార్లు అంతే.

మద్రాసు తొండియార్‌పేటలో తరతరాలుగా తెలుగువారు చాలామంది కాపురముంటున్నారు. 2013లో అక్కడి వీధుల బోరింగులలో నీళ్లతోపాటు చమురు వచ్చింది. రేవునుంచి డిపోకు ఇంధనం తీసుకుపోయే భారత్ పెట్రోలియం వారి గొట్టం ఆ వీధుల కిందనే పోతున్నది. లీకు బయటపడింది, హరిత ట్రిబ్యునల్ దాకా వ్యవహారం వెళ్లింది. అక్కడ గొట్టం ఎదురుగా వున్నది కనుక ఆచూకీ దొరికింది. ఒక బంకు, ఒక గొట్టం, ఒక ఇంజను పాక పక్కపక్కనే వున్న మన ఊళ్లలో ఆచూకీ తియ్యాలంటే పైన చెప్పిన విద్యంతా కావాలి.

ఇంటివారు చేయవలసింది

శాస్త్రం ఎంత పెద్దదైనా మొదటి సాక్షి ఇంటివారే. నూతిలోగాని బోరింగులోగాని వాసన కనిపెట్టిన రోజున తేదీ, వేళ, అప్పుడు కాలువలో నీరున్నదా కట్టేశారా అన్నది ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ నీరు తాగవద్దు, వండవద్దు. కాచితే పోతుందనుకుని పొయ్యిమీద పెట్టవద్దు, ఆవిరి ఇల్లంతా నిండుతుంది. నూతి దగ్గర అగ్గిపుల్ల గీసి చూడాలన్న సరదా అసలే పనికిరాదు.

నమూనా పట్టవలసి వస్తే గాజుసీసాలో పట్టండి. ప్లాస్టిక్ సీసా చమురును తాను కొంత తాగి, తన వాసన కొంత ఇస్తుంది. సీసా మెడదాకా నింపి, గాలి లేకుండా మూతపెట్టి, ఐసుపెట్టెలో వుంచాలి. ఎండలో ఒక రోజు వుంచారా, చెప్పవలసిన అణువులన్నీ ఎగిరిపోతాయి. మట్టిని నిపుణులచేతనే, ఒక్కచోట కాకుండా రకరకాల లోతుల్లో తీయించాలి. లీకు సోకని దూరపు మట్టినీ, అనుమానమున్న ట్యాంకులోని చమురునూ కూడా తీయించాలి. పోల్చడానికి రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు. కాలుష్య నియంత్రణ మండలికీ, కలెక్టరుకూ అర్జీ ఆలస్యం చేయకుండా పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ శాఖ చెన్నైలో వున్నది. చెడగొట్టినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం ఆ చట్టంలోనే రాసి వున్నది.

మరొక్క మాట. పరీక్ష పని ఇంటివారు ఒక్కరే మోయగలిగింది కాదు, ఖర్చుతో కూడినది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు మట్టి రేణువులను పట్టుకున్న వాయువులను శతకోటిలో కొన్ని పాళ్లదాకా కొలిచి, భూగర్భంలో చమురు ఎక్కడున్నదో వెదకడానికి ఆ విద్యను ఉపయోగిస్తున్నారు. చమురు వెదకడానికి పనికివచ్చే విద్య, కారిన చమురును పట్టుకోవడానికీ పనికివస్తుంది. గోదావరి మట్టికి, గోదావరి వేడికి, గోదావరి నీటికి సరిపోయే గడియారాన్ని మన కళాశాలలు, విశ్వవిద్యాలయాలు తయారుచేసుకోవాలి. కారిన తేదీ తెలిసిన చోట్లు మనకు లేకపోలేదు. వాటి మట్టిని ఏడాదికొకసారి తీసి కొలుస్తూ పోతే పదేళ్లలో మన లెక్క మనకు తయారవుతుంది.

డెల్టాలో నీరు పైపైనే వున్నది. అది మన భాగ్యం. అదే మన బలహీనత కూడా, ఎందుకంటే పైన పడ్డ బొట్టుకు కింద నీటిని చేరడానికి ఎక్కువ దూరం లేదు. కనిపెట్టుకుని వుంటే, కారినవాడెవడో ఆ బొట్టే చెబుతుంది.